ఘాట్‌శిల అడగని ప్రశ్న

2025 ఆగస్టు 2 తెల్లవారుజామున జార్ఖండ్ విద్యాశాఖ మంత్రి రామ్‌దాస్ సోరెన్ జంషెడ్‌పూర్ ఘోడాబాంధాలోని తన ఇంటి స్నానాలగదిలో జారిపడ్డారు. తలకు దెబ్బ తగిలి మెదడులో రక్తస్రావమైంది. మొదట టాటా మోటార్స్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి నుంచి ఎయిర్ అంబులెన్స్‌లో ఢిల్లీలోని అపోలో ఆసుపత్రికి తరలించారు. రెండు వారాల పాటు ప్రాణరక్షక యంత్రాల మీద ఉన్న ఆయన ఆగస్టు 15 రాత్రి కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 62 ఏళ్లు. ఘాట్‌శిల నియోజకవర్గం నుంచి మూడుసార్లు శాసనసభకు ఎన్నికైన సంతాల్ నాయకుడు ఆయన.

ఆయన ఢిల్లీలో మృత్యువుతో పోరాడుతుండగానే, ఆగస్టు 4న, జార్ఖండ్ ఉద్యమ సారథి శిబూ సోరెన్ అదే నగరంలోని సర్ గంగారామ్ ఆసుపత్రిలో మరణించారు. మూత్రపిండాల వ్యాధితో చేరిన ఆయనకు అంతకు కొన్ని వారాల ముందు పక్షవాతం వచ్చింది. మరికాస్త వెనక్కి వెళ్తే, 2023 ఏప్రిల్ 6న, అప్పటి విద్యాశాఖ మంత్రి జగర్‌నాథ్ మహతో చెన్నైలోని ఒక ఆసుపత్రిలో ప్రాణం విడిచారు. ఒకే శాఖను నిర్వహించిన ఇద్దరు మంత్రులు రెండున్నరేళ్ల వ్యవధిలో, పదవిలో ఉండగానే, సొంత రాష్ట్రానికి దూరంగా మరణించారు. చికిత్స కోసం వారు అంత దూరం వెళ్లడంలో తప్పేమీ లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా అందుబాటులో ఉన్న మెరుగైన వైద్యాన్నే వెతుక్కుంటారు. అలాంటి మెరుగైన వైద్యం ఎంత దూరంలో ఉన్నదనేది మాత్రం రాజకీయ ప్రశ్న.

ఆ దూరాన్ని కొలవడానికి అన్యూరిజం కన్నా కచ్చితమైన కొలమానం దొరకదు. ఒక స్పష్టత ముందే అవసరం. రామ్‌దాస్ సోరెన్‌కు జరిగింది పడిపోవడం వల్ల తలకు తగిలిన గాయమని ప్రకటించారు. అన్యూరిజం పగలడం వేరే వ్యాధి. అయితే మెదడులో రక్తస్రావంతో స్పృహ తప్పిన మనిషిని తెచ్చినప్పుడు వైద్యులు మొదట వేసుకునే ప్రశ్న ఒకటుంది: ఇతను పడినందువల్ల రక్తస్రావం జరిగిందా, రక్తస్రావం జరిగినందువల్ల పడ్డాడా? జవాబు ఏదైనా వెంటనే కావలసినవి ఒకటే. సీటీ స్కాన్, దానిని చదవగల కన్ను, న్యూరోసర్జన్, మెదడు రోగుల సంరక్షణ తెలిసిన ఐసీయూ. ఇవి ఎన్ని గంటల దూరంలో ఉన్నాయన్నది రోగి భవితవ్యాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది.

మెదడుకు రక్తం తీసుకువెళ్లే ధమని గోడ ఒకచోట, సాధారణంగా కొమ్మలు చీలే చోట, బలహీనపడి చిన్న బుడగలా ఉబ్బడమే అన్యూరిజం. సైకిల్ ట్యూబులో పలచబడిన భాగం గాలి కొట్టినప్పుడు బొడిపెలా పైకి లేవడం చూసినవారికి దీన్ని ఊహించుకోవడం కష్టం కాదు. పెద్దవారిలో దాదాపు నూటికి ముగ్గురికి ఇది ఉంటుందని అంతర్జాతీయ అధ్యయనాల సమీక్షలు చెబుతున్నాయి. వారిలో అత్యధికులకు ఆ సంగతి జీవితాంతం తెలియదు, తెలియవలసిన అవసరమూ రాదు. అధిక రక్తపోటు, పొగ తాగడం ప్రమాదాన్ని పెంచే ప్రధాన కారణాలు. తల్లిదండ్రులు, తోబుట్టువులలో ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమందికి ఈ వ్యాధి ఉన్నవారికీ, వంశపారంపర్యంగా మూత్రపిండాల్లో నీటితిత్తులు ఏర్పడే జబ్బు ఉన్నవారికీ ముప్పు ఎక్కువ. పురుషుల కన్నా స్త్రీలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

బుడగ పగిలితే రక్తం మెదడు చుట్టూ ఉండే పొరల మధ్యకు చిమ్ముతుంది. దీనినే సబ్‌అరాక్నాయిడ్ రక్తస్రావం అంటారు. పక్షవాతాలన్నింటిలో ఇది నూటికి ఐదు వంతులే. కానీ మిగిలిన పక్షవాతాలతో పోలిస్తే చిన్న వయసులో, సంపాదించే వయసులో ఉన్నవారిని పట్టుకుంటుంది. పది నుంచి పదిహేను శాతం మంది ఆసుపత్రి ముఖం చూడకుండానే మరణిస్తారు. ప్రపంచ సగటును తీసుకుంటే ఏటా లక్షమందిలో ఆరుగురికి ఇలా జరుగుతుంది. 2011 జనగణన ప్రకారం జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లా జనాభా దాదాపు 22.9 లక్షలు. ఆ సగటు ఇక్కడా వర్తిస్తే ఈ ఒక్క జిల్లాలో ఏటా నూటముప్పై మందికి పైగా, అంటే ఇంచుమించు మూడు రోజులకు ఒకరు, ఈ ప్రమాదంలో పడుతుండాలి. వారిలో ఎంతమందికి విమానం వస్తుంది?

వ్యాధి లక్షణాన్ని గుర్తించడం కష్టమేమీ కాదు, గుర్తించేవాడు ఉండాలి అంతే. పిడుగు పడినట్లు ఒక్క క్షణంలో మొదలై, నిమిషంలోపే పతాక స్థాయికి చేరే తలనొప్పి అది. జీవితంలో ఇంతటి నొప్పి ఎన్నడూ ఎరగనని రోగి చెబుతాడు. వాంతులవుతాయి, మెడ బిగుసుకుపోతుంది, కొందరికి స్పృహ తప్పుతుంది, మూర్ఛ వస్తుంది. కొందరిలో బుడగ పగలకముందే ఒక కనురెప్ప వాలిపోయి, ఆ కంటిపాప పెద్దదవుతుంది. పెరుగుతున్న బుడగ పక్కనున్న నరాన్ని నొక్కుతోందనడానికి అది సంకేతం. వైద్య సదుపాయాలు నిండుగా ఉన్న అమెరికాలోనే, 2004లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఇలాంటి రోగుల్లో నూటికి పన్నెండుమందిని మొదటిసారి మైగ్రేన్ అనో మామూలు తలనొప్పి అనో పొరబడ్డారు. ముసాబనీలోనో ధల్‌భూమ్‌గఢ్‌లోనో అలాంటి రోగి వచ్చినప్పుడు మాత్ర ఇచ్చి ఇంటికి పంపకుండా ‘స్కాన్ తీయాలి’ అనే వైద్యుడు, ఢిల్లీలోని శస్త్రచికిత్స నిపుణుడి కన్నా ముందు ఆ ప్రాణాన్ని కాపాడినవాడవుతాడు.

నొప్పి మొదలైన ఆరు గంటల్లోగా మంచి యంత్రంతో సీటీ స్కాన్ తీసి, అనుభవం ఉన్నవారు చదివితే ఈ రక్తస్రావం దాదాపు దాగదు. ఆలస్యమైనకొద్దీ రక్తపు జాడ స్కాన్‌లో మసకబారుతుంది. అప్పుడు వెన్నులోంచి నీరు తీసి పరీక్షించవలసి వస్తుంది. తర్వాత యాంజియోగ్రామ్ ద్వారా బుడగ ఎక్కడుందో, ఎంతుందో, దాని మెడ ఎంత వెడల్పో చూస్తారు. ఇక్కడి నుంచి గడియారంతో పందెం. ఒకసారి పగిలిన బుడగ మళ్లీ పగిలే ముప్పు మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే అత్యధికం, రెండోసారి పగిలితే బతికేవారు తక్కువ. అందుకే వీలైనంతవరకు ఆ ఒక్క రోజులోపే దానిని మూసివేయాలని నేటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మూయడానికి రెండు దారులున్నాయి. మొదటిది పుర్రె తెరిచి, బుడగ మెడకు చిన్న లోహపు క్లిప్ బిగించడం. 1937లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో వాల్టర్ డాండీ వెండి క్లిప్‌తో ఈ పద్ధతికి నాంది పలికాడు. రెండవది తొడ దగ్గరి లేదా మణికట్టు దగ్గరి ధమని గుండా సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి, బుడగలో ప్లాటినం తీగచుట్టలు నింపడం. 1990ల ఆరంభంలో గ్యూడో గూలియెల్మీ రూపొందించిన ఈ కాయిల్స్ వైద్యాన్ని మలుపు తిప్పాయి. ఈ రెండింటినీ పోల్చిన ఐశాట్ అధ్యయనం 2002లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. 2,143 మంది రోగులతో సాగిన ఆ పరిశీలనలో, ఏడాది తర్వాత మరణించినవారు లేదా ఇతరులపై ఆధారపడవలసి వచ్చినవారు శస్త్రచికిత్స వర్గంలో 30.6 శాతం, కాయిల్ వర్గంలో 23.7 శాతం. అయినా అన్ని బుడగలకూ కాయిల్ సరిపోదు. కొన్నింటి ఆకారం, స్థానం క్లిప్‌నే కోరతాయి. అందువల్ల రెండు విద్యలూ తెలిసినవారు ఒకే చోట కూర్చుని ఆలోచించే ఆసుపత్రి రోగికి మేలు చేస్తుంది.

బుడగను మూయడంతో గండం గడవదు. నాలుగో రోజు నుంచి సుమారు రెండు వారాల వరకు మెదడులోని ఇతర రక్తనాళాలు ముడుచుకుపోయే ప్రమాదం పొంచి ఉంటుంది. బాగా మాట్లాడుతున్న రోగి ఏడో రోజున హఠాత్తుగా మాట కోల్పోవచ్చు, చెయ్యి కదపలేకపోవచ్చు. ఆ నష్టాన్ని తగ్గించేందుకు నిమోడిపిన్ అనే మాత్రను నాలుగు గంటలకు ఒకసారి చొప్పున ఇరవై ఒక్క రోజులు ఇస్తారు. మెదడులో నీరు పేరుకుంటే గొట్టం వేసి తీయాలి. ఈ మూడు వారాల్లో రోగి కళ్లలో, మాటలో, కదలికలో వచ్చే చిన్న మార్పును అర్ధరాత్రి కూడా పసిగట్టే నర్సు ఉండాలి. ఇలాంటి కేసులు ఎక్కువగా చూసే ఆసుపత్రుల్లో ఫలితాలు మెరుగ్గా ఉండటానికి ఈ అలవాటు కూడా ఒక కారణం.

పగలని బుడగ సంగతి వేరు. మరో కారణంతో తీసిన స్కాన్‌లో అది కనిపించగానే కుటుంబం వణికిపోతుంది. తలలో బాంబు ఉందన్నంతగా భయం పట్టుకుంటుంది. నిజానికి చిన్న బుడగల్లో అధికభాగం ఎన్నటికీ పగలవు, మూయడానికి చేసే చికిత్సలోనూ ప్రమాదం ఉంది. పరిమాణం, స్థానం, వయసు, రక్తపోటు, కుటుంబ చరిత్ర, గతంలో రక్తస్రావమైన అనుభవం అన్నీ తూచి, కొందరికి చికిత్స చేస్తారు, కొందరిని నిర్ణీత కాలానికి ఒకసారి స్కాన్‌తో గమనిస్తూ ఉంటారు. ఇరువర్గాలకూ ఒకే సలహా: బీపీ అదుపులో ఉంచుకోవాలి, బీడీ, సిగరెట్ మానాలి. ఏడు మిల్లీమీటర్ల బుడగ గురించి నిర్ణయం తీసుకోవడానికి కత్తి కన్నా ముందు ఓపికగా వివరించే వైద్యుడు కావాలి.

ఇప్పుడు జంషెడ్‌పూర్ వైపు చూద్దాం. దేశంలోని పారిశ్రామిక నగరాల్లో దీనిది ప్రత్యేక స్థానం. బిష్టుపూర్‌లోని టాటా మెయిన్ ఆసుపత్రి వంటి సంస్థలు కంపెనీ ఉద్యోగులకే గాక చుట్టుపక్కల జిల్లాల వారికీ పెద్ద దిక్కు. కానీ కంపెనీ ఉద్యోగి గడపకూ, కంపెనీ బయటి కాంట్రాక్టు కూలీ గడపకూ మధ్య దూరం బిల్లు కౌంటరు దగ్గర బయటపడుతుంది. ప్రభుత్వపరంగా కొల్హాన్ ప్రాంతానికి ఆధారం మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాల ఆసుపత్రి, జనం నోట ఎంజీఎం. 2025 మే నెలలో సాక్చీలోని ఆ ఆసుపత్రి పాత భవనంలో ఒక భాగం కూలి, చికిత్స కోసం వచ్చిన రోగులే శిథిలాల కింద ప్రాణాలు కోల్పోయారు. అక్కడ సూపర్ స్పెషాలిటీ వైద్యుల కొరత స్థానికులకు కొత్త వార్త కాదు. ఆపైన దిక్కు రాంచీలోని రిమ్స్, నూటముప్పై కిలోమీటర్ల ప్రయాణం.

స్తోమత ఉన్నవారు ఢిల్లీ, కోల్‌కతా వెళ్తారు. మధ్యతరగతి వెల్లూరు బాట పడుతుంది. టాటానగర్‌లో ఎక్కి, విజయనగరం, విజయవాడ మీదుగా కాట్పాడిలో దిగే రైళ్లలో ఆసుపత్రి ఫైళ్లు ఒళ్లో పెట్టుకున్న కుటుంబాలు కనిపించని రోజు ఉండదు. ఉత్తరాంధ్ర నుంచి తరతరాలుగా ఉక్కు కర్మాగారం పనికి వెళ్లి, బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకుని స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ రైలు పరిచయమే. పగలని బుడగకు ఆ రైలు సరిపోతుంది. పగిలిన బుడగకు సరిపోదు. ఒకటిన్నర రోజు ప్రయాణం అంటే, మళ్లీ రక్తం చిమ్మే ముప్పు అధికంగా ఉన్న సమయమంతా పట్టాల మీదనే గడిచిపోవడం.

కార్డు లేదనడానికి వీల్లేదు. కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వైద్యం అందించే ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2018 సెప్టెంబరు 23న ప్రారంభించింది సాక్షాత్తు రాంచీలోనే. అన్యూరిజం క్లిప్పింగ్, కాయిలింగ్ రెండూ ఆ పథకం చికిత్సల జాబితాలో ఉన్నాయి. కార్డు డబ్బు కడుతుంది. కానీ యాంజియోగ్రఫీ యంత్రాన్ని, దాన్ని నడిపే నిపుణుడిని, రాత్రి రెండు గంటలకు తలుపు తీసే ఆపరేషన్ థియేటర్‌ను కార్డు సృష్టించలేదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి తెలుగు రాష్ట్రాలు నేర్చుకున్న పాఠమూ ఇదే: బీమా ఉన్నచోటికి ఆసుపత్రి తనంతట తాను రాదు, ఆసుపత్రి ఉన్న నగరానికే రోగి పరుగెత్తవలసి వస్తుంది.

రాజకీయ ప్రాతినిధ్యం లేకపోవడం వల్ల ఇలా జరిగిందనీ అనలేం. 2014 నుంచి 2019 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న రఘువర్ దాస్ జంషెడ్‌పూర్ తూర్పు ఎమ్మెల్యే. ఆ తర్వాత 2020 నుంచి 2024 దాకా ఎక్కువ కాలం ఆరోగ్యశాఖ మంత్రిగా పనిచేసిన బన్నా గుప్తా జంషెడ్‌పూర్ పశ్చిమ ఎమ్మెల్యే. ఒకరు బీజేపీ, ఒకరు కాంగ్రెస్. ముఖ్యమంత్రి పీఠం, ఆరోగ్యశాఖ రెండూ ఈ నగరానికి దక్కాయి. అయినా రాష్ట్ర మంత్రికి తలలో రక్తస్రావమైన రోజున దారి విమానాశ్రయం వైపే మళ్లింది.

ఈ సందర్భంలో ఒక విదేశీ ఉదాహరణ గుర్తుకు రాక మానదు. 1988 ఫిబ్రవరిలో అమెరికా సెనేటర్ జో బైడెన్ తలలో అన్యూరిజం బయటపడింది. అంతకు కొన్ని నెలల ముందే అధ్యక్ష పదవి పోటీ నుంచి తప్పుకున్న ఆయన తలనొప్పులకు మాత్రలు మింగుతూ వచ్చారు. మంచు కురుస్తుండగా అంబులెన్స్‌లో ఆయనను విల్మింగ్టన్ నుంచి వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రికి తరలించారు. అక్కడ శస్త్రచికిత్స జరిగింది, మే నెలలో రెండో అన్యూరిజానికీ చికిత్స చేశారు. ఏడు నెలల తర్వాత ఆయన సెనేట్‌కు తిరిగొచ్చారు, ముప్పై మూడేళ్ల తర్వాత అధ్యక్షుడయ్యారు. ఆయనకూ సామాన్యుడికి దొరకని వైద్యమే దొరికిందన్నది నిజం. కానీ రోడ్డు మీద అంబులెన్స్ చేరగల దూరంలో ఆ వైద్యం ఉండటం కూడా అంతే నిజం.

జార్ఖండ్ ప్రభుత్వం 2023లో ఎయిర్ అంబులెన్స్ సేవను ప్రారంభించింది. దానిని తీసిపారేయనక్కరలేదు. కానీ విమానం చివరి మెట్టు. దానికి ముందు ఎక్కవలసిన మెట్లు నేల మీద ఉన్నాయి. ఘాట్‌శిల వంటి చోట ఇరవై నాలుగు గంటలూ పనిచేసే సీటీ స్కాన్, ఆ చిత్రాన్ని నిమిషాల్లో రాంచీ నిపుణుడికి పంపే ఏర్పాటు, ఏ రోగిని నేరుగా ఎక్కడికి తీసుకెళ్లాలో 108 సిబ్బందికి ముందే తెలిసిన పద్ధతి, కొల్హాన్ మూడు జిల్లాలకూ కలిపి క్లిప్, కాయిల్ రెండూ చేయగల ఒక ప్రభుత్వ కేంద్రం. వీటన్నింటి కన్నా కింది మెట్టు బీపీ కొలిచే పరికరం. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఊరి ఆరోగ్య కేంద్రంలో బీపీ చూసి, నెలనెలా మాత్రలిచ్చి, రానివారిని పిలిపించడమే దాని సారం. అన్యూరిజాలన్నింటినీ అది ఆపలేకపోవచ్చు. మెదడులో రక్తనాళాలు చిట్లే మొత్తం ముప్పును మాత్రం తగ్గించగలదు.

ఇలాంటి పనికి ఓట్లు రాలతాయా అన్నది నాయకుల సందేహం. మహిళల ఖాతాలో నెలకు 2,500 రూపాయలు వేసే మైయా సమ్మాన్ పథకం ప్రతి నెలా కనిపిస్తుంది. పగలకుండా ఆగిన రక్తనాళం ఎవరికీ కనిపించదు. తలనొప్పితో వచ్చి, సకాలంలో స్కాన్ తీయించుకుని, మూడు వారాల తర్వాత నడుచుకుంటూ ఇంటికి వెళ్లిన మనిషి వార్త కాడు. అలాంటి వారిని లెక్కబెట్టే అలవాటు ప్రభుత్వాలకు లేదు, అడిగే అలవాటు ప్రతిపక్షాలకూ లేదు.

2025 నవంబరు 11న ఘాట్‌శిలకు ఉప ఎన్నిక జరిగింది. జార్ఖండ్ ముక్తి మోర్చా దివంగత మంత్రి కుమారుడు సోమేశ్ చంద్ర సోరెన్‌ను నిలిపింది. బీజేపీ మాజీ ముఖ్యమంత్రి చంపయి సోరెన్ కుమారుడు బాబూలాల్ సోరెన్‌ను దించింది. ఇద్దరు నాయకుల వారసుల మధ్య పోటీగానే దేశం దానిని చూసింది. నవంబరు 14న సోమేశ్ గెలిచారు. మర్నాడే రాష్ట్రం పాతికేళ్ల పండుగ చేసుకుంది. ఆ ఎన్నిక ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు. ఒక మనిషి తలలో రక్తస్రావమై, వేయి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, తిరిగిరాలేదు గనుక వచ్చింది. ఆ ప్రయాణం అవసరమైన పరిస్థితి గురించి మాత్రం ప్రచారంలో పెద్దగా చర్చ జరగలేదు.

తండ్రి స్థానంలో గెలిచిన కుమారుడికి ఈ ప్రశ్నను శాసనసభలో లేవనెత్తే నైతిక హక్కు మిగతా ఎవరికన్నా ఎక్కువ ఉంది. ఓడిన పక్షానికీ అడ్డేమీ లేదు. ప్రశ్న కూడా సులువైనదే: ముసాబనీలో రాత్రి పదకొండు గంటలకు ఒక గని కార్మికుడి భార్య తల పట్టుకుని కూలిపోతే, ఆమెకు ఎన్ని గంటల్లో స్కాన్ తీస్తారు, ఎన్ని గంటల్లో ఆ బుడగను మూస్తారు, ఎక్కడ? దీనికి జవాబుగా ఊరి పేరు, ఆసుపత్రి పేరు, గంటల లెక్క చెప్పగలగాలి. పాతికేళ్లు నిండిన రాష్ట్రం నుంచి అంతమాత్రం ఆశించడం అత్యాశ కాదు.